దెయ్యం చేప కవచం విప్పడం: చర్మంలో పుట్టే ఎముకలను చిరునామా చెడకుండా విడదీసి చదివే పద్ధతి

మన చెరువుల్లో, కాలువల్లో వలకు చిక్కి, వల చింపి, గట్టు మీద ఎండిపోయే దెయ్యం చేపను చేపల మార్కెట్లో ఎవరూ కొనరు. చర్మంలో ఎముక ఎలా పుడుతుందో నేర్చుకోవాలనుకునే విద్యార్థికి మాత్రం అంతకన్నా మంచి నమూనా చేతికి దొరకదు. సక్కర్ చేప అని కూడా పిలిచే ఈ జీవి దక్షిణ అమెరికా నదులది. అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చి మన నీళ్లలో స్థిరపడిపోయింది. శాస్త్రీయంగా ఇది టెరిగోప్లిక్తిస్ ప్రజాతి. దీనికి పొలుసులు లేవు. ఒంటి నిండా ఉన్నవి అసలైన ఎముక పలకలు. లోపలి అస్థిపంజరంలో భాగంగా కాకుండా చర్మం మందంలోనే ఇవి పుట్టి పెరుగుతాయి.

మొసలి వీపు మీది పలకలు, నలికండ్ల పాము పొలుసుల కింద దాగిన సన్నటి ఎముక బిళ్ళలు, ఆర్మడిల్లో డొప్ప, స్టెగోసారస్ డైనోసార్ వెన్ను మీది పెద్ద రేకులు, ఆర్మడిల్లోకు బంధువైన అంతరించిన జంతువు గ్లిప్టోడాన్ గుమ్మటం అన్నీ ఈ కోవలోవే. నాలుగు కాళ్ల జంతువుల్లో వీటిని ఆస్టియోడర్మ్‌లు అంటారు. చేపల విషయంలో చర్మపు పలకలు అనడమే సరైన వాడుక. పేరు వేరైనా వీటిని విడదీసి, శుభ్రం చేసి, చదివే పని మాత్రం ఒకటే.

ఎముక తెల్లగా రావడం ఈ పనిలో రెండో సంగతి. ప్రతి పలకా ఒంటి మీద ఎక్కడిదో చివరిదాకా తెలియడం మొదటి సంగతి. తొడ ఎముక ఎక్కడ పడి ఉన్నా తొడ ఎముకే. చర్మపు పలకలు వందల కొద్దీ, ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. చిరునామా పోయిన పలక దేనికీ సాక్ష్యం కాదు. 1923లో మాట్లీ అనే భూగర్భ శాస్త్రవేత్త జబల్‌పూర్ దగ్గరి లామెటా అనే రాతి పొరల్లో దొరికిన పెద్ద ఎముకలనూ చర్మపు పలకలనూ కలిపి ఒకే కవచధారి డైనోసార్‌గా లెక్కగట్టి లామెటాసారస్ అని పేరు పెట్టాడు. ఆ పెద్ద ఎముకలు మాంసాహార డైనోసార్‌వి, పలకలు వేరే జంతువువి అని తరువాతి పరిశీలనలో తేలింది. ఒకే చోట దొరకడం వేరు, ఒకే ఒంటివి కావడం వేరు. ఈ తేడా చేతికి పట్టుబడాలంటే ఒక చేపనైనా మొదటి నుంచి చివరిదాకా స్వయంగా విప్పాలి.

చట్టం సంగతి

మంజీరలోనో మరో చోటో చనిపోయి పడి ఉన్న మొసలి పలకను కూడా ఇంటికి తేకూడదు. మొసలి, ఉడుము, తాబేలు, అలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు. చచ్చిన వాటి భాగాలను దగ్గర ఉంచుకోవడమూ నేరమే. అవి చూడాలనుకుంటే కాలేజీ జంతుశాస్త్ర విభాగం మ్యూజియంలో చూడండి. పైగా అలుగు పెంకులు ఎముకలే కావు, గోరు పదార్థం. దెయ్యం చేపతో ఈ చిక్కు లేదు. వలలో పడి జాలరి పక్కన పారేసినదాన్ని అడిగి తెచ్చుకుంటే చాలు.

ఏ చేపను తేవాలి

మూతి నుంచి తోక మొదలు వరకు 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉన్నది తీసుకోండి. 15 సెంటీమీటర్ల లోపు చేపలో తోక దగ్గరి పలకలు మరీ చిన్నవై వలగుడ్డలో చిక్కుకుని విరుగుతాయి. 40 దాటినదాన్ని లోపలి మాంసం నుంచి విడదీయడం కష్టం. వీలైతే రెండు తేండి. ఒకటి విప్పడానికి, ఇంకొకటి మొత్తంగా ఫ్రీజర్లో ఉంచడానికి. సగం పనిలో సందేహం వచ్చినప్పుడు ఆ రెండోదే దిక్కు.

చేపను గుర్తుపట్టడానికి వీపు రెక్క చూడండి. ముందరి గట్టి ముల్లు తరువాత మెత్తని కిరణాలు సాధారణంగా 10 లేదా అంతకు మించి ఉంటాయి. మూతి కింద చప్పరించే గిన్నెలాంటి నోరు ఉంటుంది. జాతి పేరు రాయాలనే తొందర వద్దు. పొట్ట మీది మచ్చల తీరుతో జాతులను వేరు చేస్తారు గానీ, సంకరాలు కూడా తిరుగుతున్నాయి. పొట్ట ఫోటో మాత్రం తప్పకుండా తీయండి. రంగు పలకలో కాదు, దాని మీది పల్చటి చర్మంలో ఉంటుంది. శుభ్రం చేశాక ఆ మచ్చలు ఇక కనబడవు.

ఈ చేప గాలి కూడా పీలుస్తుంది, నీళ్లు లేకుండా గంటల తరబడి బతుకుతుంది. చచ్చిందనుకున్నది సంచిలో కదలవచ్చు. బతికి ఉంటే తిరిగి నీళ్లలో వదలవద్దు, అలాగే కోయనూ వద్దు. లీటరు నీటికి అర మిల్లీలీటరు లవంగ నూనె చొప్పున తీసుకుని, ముందు 5 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో కలిపి బాగా గిలకొట్టి నీళ్లలో పోయండి. నూనెను నేరుగా పోస్తే పైన తేలిపోయి పని చేయదు. మొప్పల కదలిక పూర్తిగా ఆగాక కూడా ఒక గంట అందులోనే ఉంచి, తరువాత ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టండి.

కత్తి పట్టే ముందు

ఫ్రీజర్ నుంచి తీసి మామూలు నీళ్లలో కరగనిచ్చి, మెత్తటి పళ్లపొడి బ్రష్షుతో జిగురు కడగండి. తరువాత ఆరు ఫోటోలు తీయాలి: ఎడమ, కుడి, వీపు, పొట్ట, తల ముందు నుంచి, తోక పక్క నుంచి. ప్రతి ఫోటోలో స్కేలు పడాలి. తేదీ, ఊరు, చెరువు లేదా కాలువ పేరు, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు, బరువు, పొడవు పుస్తకంలో రాయండి.

ఇప్పుడు వరుసలు లెక్కించండి. ఒంటికి ఒక్కో పక్క ఐదు వరుసల పలకలు ఉంటాయి. వీపు పక్కన ఒకటి, దాని కింద రెండు, మధ్యలో మూడు, దాని దిగువన నాలుగు, పొట్ట అంచున ఐదు. మధ్య వరుసను గుర్తుపట్టడం తేలిక. నీటి కదలికను పసిగట్టే పక్క గీత నాళం ఆ పలకల గుండా పోతుంది, భూతద్దంలో సన్నటి రంధ్రాలు కనబడతాయి. మిగతా నాలుగింటినీ దీని నుంచి పైకీ కిందికీ లెక్కపెట్టండి. తోక దగ్గర వరుసలు దగ్గరపడతాయి గనుక అక్కడ లెక్క మొదలుపెడితే తప్పు దొర్లుతుంది. ఎప్పుడూ తల వెనక నుంచే మొదలుపెట్టాలి. పొడవునా ఒక్కో వరుసలో ముప్పైకి అటూ ఇటూ పలకలు వస్తాయి. రెండు పక్కలా కలిపితే దగ్గర దగ్గర మూడు వందలు. పొట్ట మీది చిన్న చిన్న ముక్కలు ఈ లెక్కలోకి రావు.

చిరునామా ఇలా రాయండి: ఎ-3-12 అంటే ఎడమ, మూడో వరుస, తల నుంచి పన్నెండోది. కుడికి కు. ఎడమ, కుడి ఫోటోలను ఏ4 కాగితం మీద పెద్దగా ప్రింటు తీసి, ప్రతి పలక మీదా పెన్నుతో ఈ అంకె వేయండి. రెండు గంటలు పడుతుంది. చాలామంది వదిలేసేది ఈ మెట్టే, తరువాత పెట్టె నిండా తెల్లటి పలకలు ముందేసుకుని కూర్చునేదీ వాళ్లే.

అరల పట్టీలు కుట్టడం

నైలాన్ దోమతెర గుడ్డను 80 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పుతో పది పట్టీలుగా కత్తిరించండి. ఒక్కో పట్టీని పొడవునా మడిచి, రెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నిలువు కుట్లు వేస్తే ముప్పైకి పైగా అరలు వస్తాయి. పై అంచు తెరిచే ఉంచి, పలకలు పెట్టాక నైలాన్ దారంతో మూయాలి. ఒక్కో వరుసకు ఒక పట్టీ. నూలు దారం, నూలు గుడ్డ వాడవద్దు. మాంసం కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నూలునూ మెత్తబరుస్తాయి, నాలుగో రోజుకు కుట్టు వదులైపోతుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు కూడా పనికిరావు. తుప్పు మరక ఎముకలోకి దిగితే ఇక రాదు.

పట్టీ మొదట్లో, చివర్లో, ప్రతి ఐదో అరలో ఒక చీటీ పెట్టండి. పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ప్లాస్టిక్ షీటు ముక్క మీద సూదితో గీకి రాసిన అంకె నీళ్లలో పోదు. మందపాటి కాగితం మీద పెన్సిలుతో రాసినా నిలుస్తుంది. బాల్‌పెన్ను, మార్కర్ ఎసిటోన్‌లో కరిగిపోతాయి.

కోత

తోలు చేతొడుగులు వేసుకోండి. ఛాతీ రెక్కల ముందరి ముళ్లు విప్పుకుని బిగుసుకుంటాయి, వాటి మీద ముళ్ల బ్రష్షులాగా చిన్న దంతాలుంటాయి. గుచ్చుకుంటే చేప జిగురుతో సహా లోపలికి పోయి చీము పడుతుంది.

సర్జికల్ బ్లేడు ఈ కవచం ముందు ఆగదు, విరిగిన మొన ఎగిరి కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది. కోడి ఎముకలు కోసే బలమైన కత్తెర తీసుకోండి. పొట్ట నడిమధ్య గీత వెంట మొప్పల వెనక నుంచి మలద్వారం దాకా, అక్కడి నుంచి తోక రెక్క మొదలు వరకు కత్తిరించండి. పేగులు తీసేయండి. తల ఎముకలు కూడా చర్మంలో పుట్టినవే ఎక్కువ, కానీ అవి ఒకదానితో ఒకటి బిగుసుకుని ఉంటాయి. తలను ఛాతీ ఎముకల వెనక కోసి, విప్పకుండా మొత్తంగా విడిగా ఒక సంచిలో శుభ్రం చేయడం మేలు.

ఇక మొండెం. గరిటె కాడతో మాంసాన్ని గీకుతూ వెన్నెముకను బయటికి తీయాలి. వెన్నుపూసల ముళ్లు కవచం లోపలి వైపుకు ఆనుకుని ఉన్న చోట లాగకండి. లాగితే పలక మధ్యలో బీట పడుతుంది. కత్తెర మొనతో తెంపండి. చివరికి వీపు రెక్క పక్క నుంచి కోసి కవచాన్ని ఎడమ సగం, కుడి సగంగా చేయండి. వీపు రెక్క మొదట్లో ఉన్న పలకలకు విడి సంచి, విడి చీటీ.

వేడి నీళ్లు, విడదీత

ఒక సగాన్ని 65 డిగ్రీల నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. థర్మామీటరు లేకుండా అంచనాతో చేయకండి. మరిగే నీళ్లలో వేస్తే ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ నార జెలటిన్‌గా మారి బయటికి వచ్చేస్తుంది, పల్చటి పలకలు కొబ్బరి చిప్పల్లా వంకరపోతాయి. అంతకంటే పెద్ద నష్టం పైవైపున జరుగుతుంది. ఈ పలకల మీద వందల కొద్దీ సూది మొనల్లాంటి చిన్న దంతాలుంటాయి. వీటిని ఓడోంటోడ్‌లు అంటారు. మన పంటి మాదిరే లోపల గుజ్జు గది, చుట్టూ డెంటిన్ ఉంటాయి. ఇవి పలకకు అతుక్కుని లేవు, చిన్న పీఠం మీద కొల్లాజెన్ నారలతో కట్టి ఉంటాయి. నీళ్లు మరిగితే ఆ కట్లు వదిలి పళ్లన్నీ రాలిపోతాయి. అప్పుడు మిగిలేది గుంటలు పడిన బోడి పలక.

మెత్తబడిన సగాన్ని లోపలి వైపు పైకి వచ్చేలా బోర్లా పరచండి. పలకలు పెంకుటింటి కప్పులాగా పేర్చి ఉంటాయి. ముందరి పలక వెనక అంచు వెనకదాని మీదికి వస్తుంది. అందుకే బయటి వైపు నుంచి తీయాలని చూస్తే ఒక్కటీ రాదు. లోపలి నుంచి చూస్తే అదే పేర్పు తిరగబడి, తోక చివరి పలక అన్నింటికీ పైన ఉంటుంది. తోక నుంచి మొదలుపెట్టి తల వైపుకు, మొద్దు మొన ఉన్న పటకారుతో ఒక్కొక్కటీ లేపండి. తీసిన వెంటనే అరలోకి పోవాలి. బల్ల మీద ఐదు పలకలు పోగుపడ్డాయంటే వాటిలో రెండు తారుమారైనట్టే. అంకె మాత్రం తల నుంచే గనుక చివరి అర నుంచి వెనక్కి నింపుకుంటూ రండి. మధ్యలో ఏదైనా విరిగితే రెండు ముక్కలూ ఒకే అరలో వేసి పుస్తకంలో రాయండి. ప్రింటు మీద లేని చిన్న పలక తేలితే దానికి కొత్త అంకె సృష్టించకండి. పక్కదాని అంకెకు "అ" చేర్చి రాయండి, లేకపోతే వెనకవాటి అంకెలన్నీ జరిగిపోతాయి.

నీళ్లు 50 డిగ్రీలకు పడిపోతే చర్మం మళ్లీ పట్టేస్తుంది. అప్పుడు బలం ఉపయోగించకుండా మళ్లీ ఐదు నిమిషాలు వేడి నీళ్లలో ఉంచండి.

శుభ్రం

నింపిన పట్టీలను ఎంజైములున్న బట్టల పౌడరుతో శుభ్రం చేయాలి. ప్యాకెట్ మీద ఎంజైమ్ అని రాసి ఉండాలి, బ్లీచ్ కలిపిన రకం కాకూడదు. లీటరుకు 10 గ్రాములు. నీరు 40 నుంచి 45 డిగ్రీల్లో ఉండాలి. చల్లబడితే ఎంజైము నెమ్మదిస్తుంది, 60 దాటితే చచ్చిపోతుంది. వెడల్పు మూతి ఉన్న హాట్‌బాక్సులో పెట్టి పూటకోసారి వేడి నీళ్లు మార్చితే సరిపోతుంది. మన ఎండాకాలంలో మూతపెట్టిన నల్ల బకెట్టును డాబా మీద పెట్టినా పని జరుగుతుంది, కాకపోతే మధ్యాహ్నం ఒకసారి థర్మామీటరు ముంచి చూడండి. 24 గంటలకు ఒకసారి ఒక అర విప్పి చూడాలి. లోపలి వైపు చర్మపు పొర గోటితో జారిపోతే చాలు, ఆపేయండి. 48 గంటలు దాటించకండి. ఎంజైముకు చర్మపు కొల్లాజెన్ ఏదో, ఓడోంటోడ్‌ను పట్టుకున్న నార ఏదో తేడా తెలియదు.

పచ్చి బొప్పాయి పాలు కూడా మాంసాన్ని కరిగిస్తాయి. కాయకూ కాయకూ ఘాటు మారుతుంది గనుక ఎన్ని గంటలు అన్నది చెప్పలేం. లెక్క ప్రకారం చేసే పనికి అది తగదు.

వట్టి నీళ్లలో నానబెట్టే పాత పద్ధతి నిదానం, వాసన ఎక్కువ. కానీ పలకలకు అతి తక్కువ హాని చేసేది అదే. 30 నుంచి 35 డిగ్రీల్లో పది పదిహేను రోజులు పడుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే సూక్ష్మజీవులు పెరగవు, ఒక రాత్రి తెరిచి ఉంచాక వాడండి. నీళ్లు మార్చేటప్పుడు అంతా పారబోయకుండా మూడో వంతు పాత నీరు ఉంచితే పని ఆగదు. ఏ పద్ధతిలో అయినా నీళ్లు వంచేటప్పుడు మల్లు గుడ్డ గుండా వడకట్టండి. దోమతెర రంధ్రాల్లోంచి జారిన ఓడోంటోడ్‌లు అందులో దొరుకుతాయి.

మూడు వస్తువులు దగ్గరికి రానీయకండి. బ్లీచింగ్ పౌడరు ఎముకలోని కొల్లాజెన్‌ను తినేస్తుంది. పలక తెల్లగా మెరుస్తుంది గానీ ఆరు నెలల్లో సుద్దలా రాలుతుంది. వెనిగర్, నిమ్మరసం, చింతపండు దీనికి తలకిందులు. ఇవి ఖనిజాన్ని కరిగిస్తాయి, మిగిలేది రబ్బరు ముక్క. కాస్టిక్ సోడా కూడా కొల్లాజెన్‌ను తినేస్తుంది, పైగా చేతులు కాలుస్తుంది.

తరువాత కొవ్వు. పలక ఆరాక పసుపుగా, నూనె కాగితంలా కాంతి దాటనిస్తుంటే కొవ్వు ఉన్నట్టు. గాజు సీసాలో ఎసిటోన్ పోసి పట్టీని ఒక రోజు ఉంచి, ద్రవం పసుపుబారితే మార్చి మరో రోజు ఉంచండి. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. ప్లాస్టిక్ డబ్బాల్లో కొన్ని ఎసిటోన్‌లో కరిగి జిగురైపోతాయి, ఆ జిగురు పలకల మీద పేరుకుంటుంది.

తెల్లదనం ప్రదర్శన కోసమే కావాలి. చదువు కోసం అవసరం లేదు, వదిలేయమనే సలహా. తప్పదనుకుంటే మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో సమానంగా నీళ్లు కలిపి 3 శాతం చేసి, రెండు గంటలు మాత్రం ఉంచండి. సీసా మూత బిగించకూడదు, వాయువు పుట్టి పగులుతుంది. ఆ తరువాత మామూలు నీళ్లలో ఒక రోజు ఉంచి మూడుసార్లు మార్చండి.

నీడలో, పట్టీలోనే, రెండు ప్లాస్టిక్ జాలీల మధ్య పరిచి మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. ఎండలో పెడితే పైముఖం ముందుగా ముడుచుకుని అంచులు పగుళ్లిస్తాయి.

అంకె వేయడం, అతికించడం

ఆరిన పలక లోపలి వైపు, నునుపుగా ఉన్న చోట, పారాలాయిడ్ బీ-72 అనే రెజిన్‌ను ఎసిటోన్‌లో పది శాతం కలిపి ఒక చుక్క పూయండి. ఆరాక దాని మీద సన్నటి ఇండియన్ ఇంక్ పెన్నుతో చిరునామా రాసి, పైన మరో పూత. ఎప్పుడైనా చెరపాలంటే ఎసిటోన్ చాలు. విరిగిన ముక్కలకూ ఇదే రెజిన్‌ను చిక్కగా కలిపి వాడండి. చెక్కపనికి వాడే తెల్ల జిగురు కాలక్రమేణా పసుపుబారుతుంది, శుభ్రంగా విడదీయడం కుదరదు. క్షణాల్లో అతుక్కునే సైనోఎక్రిలేట్ జిగురుది ఇంకో బాధ. ఓడోంటోడ్‌ల మధ్య సందుల్లోకి పాకి గట్టిపడి, సూక్ష్మదర్శినిలో చూడాల్సినదాన్ని పూడ్చేస్తుంది.

చదవడం

పదింతలు పెద్దగా చూపే భూతద్దం, పక్క నుంచి పడే టార్చి వెలుగు ఉంటే చాలా తెలుస్తుంది. ముందు పలక ముందు వెనకలు గుర్తించండి. ఓడోంటోడ్‌లు లేని నున్నటి పట్టీ ఉన్న అంచు ముందరిది, ముందు పలక కింద దాగినది అదే. ఓడోంటోడ్‌ల మొనలు వెనక్కి వాలి ఉంటాయి. ఖాళీగా ఉన్న గుండ్రటి పీఠాలు కనబడితే అవన్నీ మీ పొరపాటు అనుకోకండి. బతికి ఉన్న చేపలోనే ఇవి రాలి కొత్తవి మొలుస్తుంటాయి. పీఠం అంచు పదునుగా, శుభ్రంగా ఉంటే పని చేసేటప్పుడు రాలినది కావచ్చు. ఎముక పెరిగి సగం పూడి ఉంటే పాతది.

ఎ-3-12 నూ కు-3-12 నూ పక్కపక్కన పెట్టి చూడండి. అద్దంలో బొమ్మలా సరిపోవాలి. సరిపోకపోతే ఒక పక్క అంకె జరిగింది, ప్రింటు దగ్గరికి తిరిగి వెళ్లండి. తప్పు పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. తరువాత అదే వరుసలో 5, 15, 25 పలకలు పెట్టి ఆకారం ఎలా మారుతుందో గీయండి. నిలువుగా ఉన్నవి వెనక్కి పోయేకొద్దీ ఎలా చిన్నవవుతున్నాయో, పలక మధ్య ఉబికిన గట్టు ఎక్కడ పదునెక్కుతుందో చేత్తో గీస్తేనే కంటికి పడుతుంది. పక్కన ఒక రోహు పొలుసు ఉంచుకోండి. అది గోటికి వంగుతుంది, దీన్ని వంచితే విరుగుతుంది.

లోపలి నిర్మాణం చూడాలంటే పల్చటి కోత కావాలి. ఒక పలకను ఎపాక్సీ రెజిన్‌లో ముంచి 24 గంటలు గట్టిపడనివ్వండి. ముందుగా ఎసిటోన్‌లో నానబెట్టి పూర్తిగా ఆరనిచ్చి, రెజిన్‌ను నెమ్మదిగా పోస్తే బుడగలు తగ్గుతాయి. సన్నటి రంపంతో అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని నీటి ఎమెరీ కాగితం 220, 400, 600, 1000 నంబర్ల మీద వరుసగా అరగదీయండి. ఏ నంబరు వదిలేసినా ముందరి గీతలు చివరిదాకా కనబడుతూనే ఉంటాయి. గాజు స్లైడును కూడా 600 మీద కాస్త గరుకు చేసి, ఆ ముఖాన్ని ఎపాక్సీతో అతికించి, ఇక రెండో వైపు అరగదీయాలి. వార్తాపత్రిక అక్షరం దాని గుండా చదవగలిగితే ఆగి సూక్ష్మదర్శినిలో చూడండి, ఇంకా మసకగా ఉంటే కొంచెం కొంచెంగా తీయండి. ఎక్కువ మంది స్లైడు పోగొట్టుకునేది ఈ ఆఖరి పది నిమిషాల్లోనే. ఎముక దుమ్ము పీల్చకుండా ఎప్పుడూ తడి మీదే అరగదీయండి.

రెండు పోలరాయిడ్ పలకల మధ్య స్లైడు పెట్టి తిప్పితే కొల్లాజెన్ నారలు దిశను బట్టి వెలిగి ఆరుతాయి. పొరలు పొరలుగా గీతలు కనబడినప్పుడు ఏటికొకటి అని లెక్కగట్టి వయసు రాసేయకండి. చర్మపు ఎముక కరిగి మళ్లీ కట్టుకుంటుంది, పాత గీతలు చెరిగిపోతాయి. అమెరికన్ ఆలిగేటర్ ఆడవి గుడ్ల పెంకుకు కావలసిన సున్నాన్ని వీపు పలకల నుంచే కొంత తీసుకుంటాయి. కవచం ఒంటికి రక్షణే కాకుండా సున్నపు నిల్వ కూడా. మొసళ్ల పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పటికి ఆ పలకలు ఇంకా ఎముకగా మారవు, తరువాతే మారతాయి. కాబట్టి పలకలో ఉన్న మొదటి గీత పుట్టిన ఏడాదిది కావాలని లేదు.

తెలియని పలక చేతికి వస్తే

దెయ్యం చేపను విప్పిన చేతికి మిగతావి చదవడం అలవాటవుతుంది. బయటి ముఖం, లోపలి ముఖం, ముందరి అంచు, పక్క అంచులు అనే నాలుగు ప్రశ్నలు ఏ పలకకైనా వేయండి. మొసలి పలక బయటి వైపు గుంటలు గుంటలుగా, మధ్యలో ఉబికిన గట్టుతో, లోపలి వైపు చదునుగా ఉంటుంది. ఏటోసార్లు అనే అంతరించిన కవచధారి సరీసృపాల వీపు పలకలు పొడవు కన్నా వెడల్పు ఎక్కువ, ముందరి అంచున ముందు పలక కిందికి దూరే ఒక నున్నటి పట్టీ ఉంటుంది. గ్లిప్టోడాన్ పలక మీద మధ్యలో ఒక పెద్ద బిళ్ళ, చుట్టూ చిన్నవి పువ్వు రేకుల్లా ఉంటాయి. తాబేలు డొప్ప ముక్కతో జాగ్రత్త. అంచులు రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి దిగి, మీద గోరు పెంకుల హద్దు గీతలు ఉంటే అది తాబేలే. లోపలి వైపు పక్కటెముక గుబ్బ కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ డొప్పలో ఎక్కువ భాగం పక్కటెముకలు వెడల్పై ఏర్పడినది, మొసలి పలకలాంటిది కాదు. చిలీ దక్షిణాన ఒక గుహలో 1895లో దొరికిన మైలోడాన్ అనే అంతరించిన నేల స్లోత్ చర్మంలో చిన్న గింజల్లాంటి ఎముకలు చర్మంతో సహా ఉన్నాయి. విడిగా మట్టిలో దొరికి ఉంటే వాటిని గులకరాళ్లనుకునే వాళ్లే ఎక్కువ.

మన ప్రాణహిత–గోదావరి లోయలో ఇలాంటివి నిజంగానే ఉన్నాయి. పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి ఎర్ర బంకమన్ను పొరల్లో మొసలిని పోలిన పారాసూకస్ అస్థిపంజరాలు దొరికాయి. 1978లో శిలాజ శాస్త్రవేత్త శంకర్ చటర్జీ వాటిని వివరించారు. అదే లోయలోని కోట అనే రాతి పొరల నుంచి కవచమున్న డైనోసార్ పలకలు 2002లో ప్రచురణకెక్కాయి. అలాంటి నేల మీద నడుస్తూ గుంటలు పడిన పలక కనబడితే ఎత్తకండి. ముందు నాణెమో స్కేలో పక్కన పెట్టి దగ్గరి ఫోటో, తరువాత నిలబడి దూరపు ఫోటో తీయండి. ఉత్తరం ఎటో, వాలు ఎటో రాయండి. పలక నేలలో నాటుకుని ఉందా, పైనుంచి దొర్లి వచ్చిందా చూడండి. దొర్లినదైతే వాలు వెంట పైకి నడిచి అది ఏ పొర నుంచి రాలిందో వెతకండి. ఆ వివరాలు ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలతో కలిపి హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయానికి పంపండి. పలకను ఉన్న చోటే, ఉన్న వైపే ఉంచి రండి.